పాత డ్రయ్యర్‌ని మళ్ళీ తిప్పడం

(ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో తెలుగు కుటుంబాలు కలుసుకునే నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. ఆదివారం భోజనాలయ్యాక బట్టలారబెట్టే మెషీను గురించి వినడానికి ఇంతమంది ఆగారంటే నాకు చాలా సంతోషంగా ఉంది. ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మన ఊళ్ళో దండెం మీద బట్టలు ఆరేస్తాం కదా, అవి దేనివల్ల ఆరతాయి?

ఎండ వల్ల అంటున్నారు. సరే. మరి మబ్బు పట్టిన రోజు గాలి బాగా వీస్తే సాయంత్రానికల్లా ఎందుకు ఆరిపోతాయి? శ్రావణ మాసంలో తలుపులన్నీ మూసిన గదిలో ఆరేస్తే, ఉక్క పోస్తున్నా సరే, రెండు రోజులైనా చెమ్మ వదలక ముక్కిన వాసన ఎందుకు వస్తుంది? ఆ గదిలో వేడి ఉంది, గాలి కదలడం లేదు. బట్టలోంచి బయటికొచ్చిన ఆవిరిని ఎవరో ఒకరు అక్కణ్ణించి మోసుకుపోవాలి. ఆ పని గాలిది.

ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే ఉంటుంది. డ్రయ్యర్ అనగానే మనకి వేడి గుర్తొస్తుంది. కానీ అది ముందుగా గాలిని తోడే యంత్రం. పాత డ్రయ్యర్‌ని బాగుచేయడమంటే ప్రధానంగా దాని గాలి దారిని బాగుచేయడమే. ఇది పట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

నా గరాజ్‌లో ఉన్నది ఒక కెన్‌మోర్ ఎలక్ట్రిక్ డ్రయ్యర్. 1960ల చివరి నాటిది. ముదురు రాగి రంగు, అప్పట్లో దాన్ని కాపర్‌టోన్ అనేవాళ్ళు. కెన్‌మోర్ అనేది సియర్స్ దుకాణాల బ్రాండు, 1927లో ఆ పేరుతో ఒక వాషింగ్ మెషీను వచ్చింది. సియర్స్ తనే మెషీన్లు చేసేది కాదు, వేరే కంపెనీల చేత చేయించి తన పేరు వేసుకునేది. మోడల్ నంబరు 110తో మొదలైతే అది వర్ల్‌పూల్ చేసిన మెషీను అని అర్థం. ఈ మూడంకెలు గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

వర్ల్‌పూల్ డ్రయ్యర్ల ఫ్యాక్టరీ ఎక్కడుందో మీలో ఎవరికైనా తెలుసా? మారియన్! కరెక్ట్. ఇక్కణ్ణించి రూట్ 23 ఎక్కి ఉత్తరంగా వెళ్తే సుమారు గంట. 1950ల నుంచి అక్కడ డ్రయ్యర్లు తయారవుతున్నాయి. మనం పండక్కి వెళ్ళే దారి పక్క ఊళ్ళో ఇంత చరిత్ర ఉంది, మనం కారు ఆపకుండా వెళ్ళిపోతాం.

ఒహాయోకి డ్రయ్యర్‌తో ఇంకా పాత చుట్టరికం ఉంది. 1892లో డేటన్‌వాసి జార్జ్ శాంప్సన్ అనే ఆఫ్రికన్ అమెరికన్, పొయ్యి వేడికి బట్టలు ఆరేలా వేలాడదీసే ఒక చట్రానికి పేటెంటు తీసుకున్నారు. డ్రమ్ము తిరిగే కరెంటు డ్రయ్యర్ కథ నార్త్ డకోటాది. అక్కడి చలికాలం ఎలాంటిదో చెప్పక్కర్లేదు, తీగ మీద వేసిన దుప్పటి అట్టలా బిగుసుకుపోతుంది. అక్కడ రాస్ మూర్ అనే ఆయన, తల్లి ఆ చలిలో బట్టలు ఆరేయడం చూడలేక పొయ్యితో, డ్రమ్ముతో ప్రయోగాలు మొదలుపెట్టారని చెబుతారు. ఆయన డిజైన్‌ని విస్కాన్సిన్‌లో టూ రివర్స్ అనే ఊళ్ళోని హామిల్టన్ కంపెనీ తీసుకుని 1938లో జూన్ డే అనే పేరుతో అమ్మింది. హామిల్టన్ అసలు వ్యాపారం ఏంటో తెలుసా? అచ్చాఫీసులకి చెక్క అక్షరాలు తయారుచేయడం! ఆ చెక్క అక్షరాల మ్యూజియం ఇప్పటికీ ఆ ఊళ్ళో ఉంది. ఆ డ్రయ్యర్ తలుపుకి గాజు కిటికీ పెట్టమని సలహా ఇచ్చింది బ్రూక్స్ స్టీవెన్స్ అనే డిజైనరు. షాపులో రంగురంగుల బట్టలు లోపల తిరుగుతూ కనిపిస్తేనే జనం ఆగి చూస్తారని ఆయన ఉద్దేశం. చరిత్ర ఇంతటితో చాలు, పనిలోకి వెళ్దాం.

పాత డ్రయ్యర్ ఎక్కడ దొరుకుతుంది? ఎక్కువగా ఎస్టేట్ సేల్స్‌లో. పెద్దవాళ్ళు పోయాకనో, వృద్ధాశ్రమానికి వెళ్ళాకనో పిల్లలు ఇంట్లో సామాను మొత్తం అమ్మకానికి పెడతారు. చాలాచోట్ల చివరి రోజు సగం ధర. సోఫాలు, పింగాణీ గిన్నెలు మొదటి రోజే పోతాయి. బేస్‌మెంట్‌లో ఉన్న డ్రయ్యర్ దగ్గరికి ఎవరూ రారు. మెట్ల మీంచి మోసుకెళ్తే చాలు, ఊరికే ఇస్తామంటారు. నాదీ అలా వచ్చిందే. ఆ ఇంటి మనవరాలు ఒక కవరు తెచ్చి చేతిలో పెట్టింది. అందులో కొన్నప్పటి బిల్లు, వాడే విధానం పుస్తకం ఉన్నాయి. యాభై ఏళ్ళు దాచుకున్న కాగితాలు! ఆ ఇల్లాలు ఆ మెషీనుని ఎంత శ్రద్ధగా వాడిందో ఆ కవరు చూస్తేనే తెలిసింది నాకు.

కొనేముందు ఏం చూడాలి? చాలామంది ముందు వేడెక్కుతుందా అని అడుగుతారు. అది ఆఖరున చూడండి. హీటరు కాయిల్ తెగిపోతే కొత్తది వేసుకోవచ్చు. బెల్టు దొరుకుతుంది, రోలర్లు దొరుకుతాయి. వర్ల్‌పూల్ ఆ 29 అంగుళాల వెడల్పు డిజైన్‌ని దశాబ్దాలపాటు చేసింది కాబట్టి లోపలి భాగాలు చాలామటుకు ఇవాళ్టికీ కొత్తవి అమ్ముతున్నారు. అందుకే 110 గుర్తుపెట్టుకోమన్నాను. దొరకనివి ఏంటంటే, నాబులు, పైన ఉండే గాజు ప్యానెల్, అంచు పట్టీలు, పేరు రాసిన బిళ్ళ. అందుకని ముందు అవి చూడండి. నాబులన్నీ ఉన్నాయా? ప్యానెల్ పగిలిందా? తర్వాత తలుపు తీసి డ్రమ్ముని చేత్తో తిప్పండి. బరువుగానైనా నిదానంగా తిరిగితే మంచిదే. గరగరమంటే రోలర్లు పోయినట్టు, అదీ పెద్ద సమస్య కాదు. లోపల టార్చి వేసి తుప్పు చూడండి. పైపై మరకైతే ఫర్వాలేదు. రేకు చిల్లి పడితే వదిలేయండి. వెనక కరెంటు తీగలు తగిలించే చోట నల్లగా కాలిన గుర్తులుంటే ధర విషయం అటుంచి, ఆ భాగం మార్చేదాకా ప్లగ్ పెట్టొద్దు.

ఒక జాగ్రత్త. 1950లు, 60ల నాటి కొన్ని ఉపకరణాల్లో హీటరు దగ్గర ఆస్బెస్టాస్ అట్టలు, తాళ్ళు వాడేవాళ్ళు. బూడిద రంగులో పొడిపొడిగా రాలుతున్న అట్టలాంటిది కనిపిస్తే గీకొద్దు, ఊదొద్దు, వ్యాక్యూమ్ పెట్టొద్దు. ల్యాబులో పరీక్ష చేయించాకే ముట్టుకోండి. ఆ పొడి పీలిస్తే ప్రమాదం, ఊపిరితిత్తుల కన్నా ఏ డ్రయ్యరూ ఎక్కువ కాదు. గ్యాస్ డ్రయ్యర్ అయితే వాల్వు, బర్నర్ పని లైసెన్సున్న మనిషికే వదిలేయండి. ఇవాళ నేను మాట్లాడేది ఎలక్ట్రిక్ గురించే.

మోసుకురావడం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఇద్దరు మనుషులు, పట్టీ ఉన్న హ్యాండ్ ట్రక్కు, తలుపుకి టేపు. తమ్ముళ్ళూ, ఎవరి నడుము వాళ్ళు చూసుకోండి.

ఇక విప్పడం. నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ప్లగ్ పీకేశారని రెండోసారి కూడా చూసుకుని మొదలుపెట్టండి. ఈ డిజైన్‌లో లింట్ ఫిల్టర్ పైన మూతలోనే ఉంటుంది. లింట్ అంటే బట్టల నుంచి ఊడే నూగు. ఫిల్టర్ బయటికి లాగితే కింద రెండు స్క్రూలు కనిపిస్తాయి. అవి తీసేసి, ముందు అంచు కింద రెండు మూలల దగ్గర పుట్టీ కత్తి దూర్చి నొక్కితే లోపలి క్లిప్పు టక్కుమని వదులుతుంది. పైమూత మొత్తం కారు బానెట్‌లాగే వెనక్కి లేస్తుంది. లోపల రెండు స్క్రూలు తీసి, తలుపు స్విచ్ తీగలు విడదీస్తే ముందు ప్యానెల్ ఊడి వస్తుంది. కింద చెయ్యి పెట్టి బెల్టుని వదులు చేస్తే డ్రమ్ము చేతుల్లోకి వచ్చేస్తుంది. చూశారా? ఒక స్క్రూడ్రైవర్, ఒక పుట్టీ కత్తి. విప్పేవాడు ఒకడు ఎప్పటికైనా వస్తాడని తెలిసి చేసిన మెషీను ఇది. క్యాబినెట్ లోపల వైరింగు బొమ్మ అతికించి ఉంది, కాగితం గోధుమరంగుకి తిరిగింది కానీ ప్రతి తీగ రంగు పేరూ చదవడానికి వస్తోంది. రిపేరు చేసేవాడికి ఆ రోజుల్లో ఇచ్చిన గౌరవం అది. ఈ కాలంలో దాన్ని మనం అడిగి తీసుకోవాల్సి వస్తోంది.

డ్రమ్ము తీశాక అడుగున ఏముంటుందో ఊహించండి. గుండీలు, తలపిన్నులు, చొక్కా కాలర్‌లో పెట్టే ప్లాస్టిక్ పుల్లలు, ఒక వెండి డైము, అంటే పది సెంట్ల నాణెం. 1964 దాకా డైములు వెండివే కదా. వీటన్నిటి కింద నూగు. వేలెడు మందాన పరుపులా పేరుకుపోయి, మోటారు చుట్టూ, హీటరు పెట్టె వైపు కూడా పాకి ఉంది. దాన్ని చిటికెడు తీసుకుని బయట ఇటుక మీద పెట్టి అగ్గిపుల్ల చూపించాను. భగ్గుమంది. అమెరికా అగ్నిమాపక శాఖ లెక్క ఒకటి చెబుతాను. 2008 నుంచి 2010 దాకా ఇళ్ళలో ఏడాదికి సుమారు 2,900 డ్రయ్యర్ అగ్నిప్రమాదాలు జరిగాయి. వాటికి అన్నిటికన్నా పెద్ద కారణం శుభ్రం చేయకపోవడం, 34 శాతం. అమ్మలూ, అక్కయ్యలూ, అన్నయ్యలూ, మీ ఇంట్లో ఉన్నది పాతదైనా కొత్తదైనా ఇది మాత్రం వినండి. ఫిల్టర్‌ని ప్రతి లోడుకీ దులపండి. సంవత్సరానికి ఒకసారి లోపల, పైపులో కూడా శుభ్రం చేయించండి.

ఇప్పుడు గాలి దారి చూద్దాం. డ్రమ్ము వెనక ఒక రేకు గోడ ఉంటుంది. అందులో ఒకవైపు నుంచి హీటరు మీదుగా వచ్చిన వేడిగాలి లోపలికి వస్తుంది. బట్టల్లోంచి దూరి, రెండోవైపు నుంచి బయటికి వెళ్ళి, లింట్ ఫిల్టర్ దాటి, కింద ఫ్యానులోకి చేరుతుంది. ఫ్యాను దాన్ని వెనక పైపులోకి తోస్తుంది. ఒక్కటి గమనించండి. ఫ్యాను దారి చివర ఉంది. అంటే అది గాలిని ఊదడం లేదు, పీలుస్తోంది. పీల్చే మెషీనులో ఎక్కడ సందు ఉంటే అక్కణ్ణించి గది గాలి దూరుతుంది. డ్రమ్ము అంచుల చుట్టూ ఉన్ని పట్టీ ఉంటుంది, ఫెల్ట్ సీల్ అంటారు. అది అరిగిపోతే ఏమవుతుంది? వేడి చేసిన గాలికి బదులు సందులోంచి చల్లగాలి వస్తుంది. హీటరు ఎర్రగా మండుతూనే ఉంటుంది, బట్టలు మాత్రం ఆరవు. చాలామంది అప్పుడు హీటరు మారుస్తారు. మార్చాల్సింది పట్టీ. నేను పాతది గీకేసి, వేడికి తట్టుకునే జిగురుతో కొత్తది అతికించి, ఒక రాత్రి బట్టల పిన్నులతో నొక్కిపెట్టి ఉంచాను. ఆ ఒక్క పనితో ఆరే సమయం ఎంత తగ్గిందో మా ఆవిడ చెబుతుంది, వెనక కూర్చుంది.

రోలర్లు, బెల్టు గురించి రెండు ముక్కలు. డ్రమ్ము వెనక భాగం రెండు రబ్బరు రోలర్ల మీద ఆనుతుంది. యాభై ఏళ్ళు ఒకేచోట బరువు మోస్తే రబ్బరు గట్టిపడి ఒకవైపు చదునవుతుంది, అప్పుడే ఆ దబదబ శబ్దం. కొత్తవి వేయండి, ఇరుసుల మీద పాత నూనె జిడ్డంతా తుడిచి వేయండి. బెల్టు సన్నగా ఉంటుంది, డ్రమ్ముని చుట్టి మోటారు దగ్గర దాన్ని బిగువుగా పట్టే ఒక టెన్షన్ కప్పీ మీదుగా వస్తుంది. గాడులు ఉన్న వైపు డ్రమ్ముకి తగలాలి. ఇంత డబ్బా విప్పాక ఆ కప్పీ కూడా మార్చేయండి. దాని కోసం మళ్ళీ విప్పడం అనవసరం.

మోటారుని బయటికి తీసి, బ్రష్షుతో నూగు దులిపి, బేరింగుల దగ్గర ఎస్ఏఈ 20 మోటారు నూనె రెండు చుక్కలు వేశాను. తుప్పు వదిలించే స్ప్రేలు వాడకండి. అవి ఉన్న నూనెని కూడా కడిగేస్తాయి. వంటనూనె అసలే వద్దు, కొన్నాళ్ళకి బంక అవుతుంది. ఈ మోటారులో నాకు చాలా నచ్చిన సంగతి ఒకటుంది. లోపల ఒక స్విచ్ ఉంటుంది. మోటారు వేగం అందుకున్నాక, ఆ తిరిగే బలానికే అది టిక్కుమని మారుతుంది. హీటరుకి వెళ్ళే కరెంటు ఆ స్విచ్ గుండానే వెళ్ళాలి. అంటే మోటారు తిరగకపోతే హీటరు వెలగదు. గాలి లేకుండా వేడి ఉండకూడదని, అరవై ఏళ్ళ నాడే ఒక ఇనపముక్క, ఒక స్ప్రింగుతో కట్టుదిట్టం చేశారు. చిప్పు లేదు, సెన్సరు లేదు. ఎంత గొప్ప ఆలోచన!

హీటరు నికెల్, క్రోమియం కలిపిన తీగ చుట్ట. పింగాణీ ముక్కల మీద వేలాడుతుంది. మల్టీమీటరుతో దాని రెసిస్టెన్సు కొలవండి. 5,400 వాట్లది 240 వోల్టుల మీద నడుస్తుంటే, ఇంజనీర్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఎంత రావాలి? వోల్టుల వర్గాన్ని వాట్లతో భాగిస్తే సుమారు 10.7 ఓమ్‌లు. మీటరు పది చుట్టుపక్కల చూపిస్తే కాయిల్ బాగున్నట్టు. అస్సలు కదలకపోతే ఎక్కడో తెగినట్టు. తర్వాత ఒక కొస కాయిల్‌కి, ఒక కొస డబ్బా రేకుకి పెట్టండి. అక్కడ ఏమీ చూపించకూడదు. చూపిస్తే కాయిల్ ఎక్కడో రేకుకి తగులుతోందని, ముట్టుకుంటే షాకు కొడుతుందని అర్థం. ఇవాళ్టి మెషీన్లలో అతిగా వేడెక్కితే కాలిపోయే థర్మల్ ఫ్యూజు ఒకటి ఉంటుంది. నా మెషీనులో అది లేదు. హీటరు పెట్టె మీద, వేడి హద్దు దాటితే కరెంటు ఆపే ఒక థర్మోస్టాట్ మాత్రమే కాపలా. నేను ఫ్యాను గూడు మీద కొత్తగా ఒక ఫ్యూజు వేయించాను. పాతదాన్ని పాతదిలాగే ఉంచాలనే మిత్రులున్నారు, వాళ్ళంటే నాకు గౌరవం. కానీ మా పిల్లలు పైన నిద్రపోతుంటే కింద తిరిగే మెషీను ఇది. ఈ ఒక్క విషయంలో నేను రాజీపడను.

ఇప్పుడు టైమరు. బల్ల మీద పెట్టాను చూడండి, ఇది స్పేరుది. దీని అద్భుతం చెప్పకుండా ఈ ప్రసంగం పూర్తి కాదు. నాబు మీద ఆటోమేటిక్ అని ఒక భాగం ఉంది. నిమిషాలు లేవు, ఎక్కువ పొడి, తక్కువ పొడి, అంతే. బట్టలు ఆరాయో లేదో ఈ ఇనపపెట్టెకి ఎలా తెలుస్తుంది?

ఇలా తెలుస్తుంది. ఫ్యాను దగ్గర, బయటికి వెళ్ళే గాలి వేడిని చూసే థర్మోస్టాట్ ఒకటుంది. సుమారు 65 డిగ్రీల దగ్గర అది తెరుచుకుని హీటరుని ఆపుతుంది, చల్లబడ్డాక మళ్ళీ కలుపుతుంది. బట్టలు తడిగా ఉన్నంతసేపూ వేడంతా నీళ్ళని ఆవిరి చేయడానికే పోతుంది, గాలి అంత వేడెక్కదు, థర్మోస్టాట్ మూసుకునే ఉంటుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి యూనిట్ కరెంటులో మూడింట రెండు వంతులు కావాలి, చిన్న సంగతి కాదు. నీళ్ళు తగ్గేకొద్దీ గాలి వేడెక్కి థర్మోస్టాట్ మాటిమాటికీ తెరుచుకుంటుంది. టైమరు లోపలి చిన్న మోటారు తీగలని సరిగ్గా ఆ థర్మోస్టాట్‌కి రెండువైపులా కలిపారు. థర్మోస్టాట్ మూసి ఉంటే కరెంటంతా దాని గుండానే పోతుంది, టైమరు కదలదు. తెరుచుకోగానే కరెంటుకి టైమరు గుండా వెళ్ళడం తప్ప వేరే దారి లేదు, హీటరు తీగలోంచే అవతలికి చేరుతుంది. ఆ కొంచెం కరెంటుకి హీటరు వేడెక్కదు, టైమరు మాత్రం ఒక అడుగు ముందుకేస్తుంది. అంటే హీటరు ఆగినప్పుడే గడియారం నడుస్తుంది! నాలుగు జీన్సులు వేస్తే గడియారం నిలబడి చూస్తుంది. రెండు చొక్కాలు వేస్తే త్వరగా ముగిస్తుంది. అర్ధరాత్రి వైరింగు బొమ్మ మీద వేలు పెట్టి ఈ దారి వెతుకుతూ వెళ్ళి, చివరికి హీటరు దగ్గర తేలినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. గీసినాయన ఎవరో పేరు తెలియదు కానీ, ఆయనకి నా నమస్కారం.

ప్లగ్గు విషయం. ఇక్కడ చాలా జాగ్రత్తగా వినండి. ఈ దేశంలో డ్రయ్యర్‌కి రెండు కరెంటు తీగలు, ఒక న్యూట్రల్ వస్తాయి. రెండు తీగల మధ్య 240 వోల్టులు, హీటరుకి. ఒక తీగకీ న్యూట్రల్‌కీ మధ్య 120, మోటారుకి, టైమరుకి. పాత ఇళ్ళలో మూడు పుల్లల సాకెట్ ఉండేది. ఎర్త్‌కి వేరే తీగ లేదు, న్యూట్రల్‌నే డబ్బా రేకుకి ఒక పట్టీతో కలిపేవాళ్ళు. ఆ న్యూట్రల్ ఎక్కడైనా వదులైతే ఏమవుతుంది? డబ్బా మొత్తానికి కరెంటు! అందుకే 1996 నుంచి కొత్త వైరింగులో నాలుగు పుల్లల సాకెట్ తప్పనిసరి చేశారు. మీరు పాత మెషీనుకి నాలుగు తీగల కార్డు వేసినప్పుడు ఆ పాత పట్టీ తీసేయాలి, ఆకుపచ్చ తీగని డబ్బాకి వేరుగా బిగించాలి. కార్డు మార్చి పట్టీ మర్చిపోతే పని సగమే అయినట్టు. చేతకాకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, అందులో నామోషీ ఏమీ లేదు. 30 ఆంపియర్ల లైను, ఆటలు కాదు.

బయటికి వెళ్ళే పైపు నాలుగు అంగుళాల గట్టి రేకు గొట్టమే వేయండి. నాకు మెషీను వచ్చినప్పుడు వెనక తెల్లటి ప్లాస్టిక్ గొట్టం వేలాడుతోంది. వెంటనే పారేశాను, అది కాలుతుంది. జాయింట్లకి స్క్రూలు వద్దు, లోపలికి పొడుచుకొచ్చి నూగుని పట్టుకుంటాయి. అల్యూమినియం ఫాయిల్ టేపు చాలు. బిల్డింగు కోడు ప్రకారం మొత్తం పొడవు 35 అడుగులు దాటకూడదు, ప్రతి 90 డిగ్రీల మలుపుకీ అందులోంచి 5 అడుగులు కొట్టేయాలి. గోడ బయట మూత దగ్గర పిట్టలు దూరకుండా జాలీ పెడదామనిపిస్తుంది, పెట్టొద్దు. వారంలో నూగుతో మూసుకుపోతుంది. మెషీను నడుస్తుండగా బయటికెళ్ళి ఆ మూత రెక్క పూర్తిగా లేచిందో లేదో చూడండి. అదే నా పరీక్ష. రెక్క నీరసంగా ఊగుతుంటే లోపల ఎంత బాగుచేసినా లాభం లేదు.

రంగు సంగతి త్వరగా చెప్పేస్తాను. పాత పెయింటులో సీసం ఉండొచ్చు కాబట్టి ఇసుక కాగితం పట్టకండి. మెత్తని సబ్బునీళ్ళు, కారు పాలిష్, పెచ్చులు ఊడినచోట ఉపకరణాలకి వాడే ఎపాక్సీ పెయింటు. రాగి రంగు వెంటనే తేలింది.

మన ఇళ్ళకి ప్రత్యేకంగా రెండు మాటలు. తలంటుకున్నాక నూనె పీల్చిన తువ్వాళ్ళు, వంటింట్లో నూనె తుడిచిన గుడ్డలు డ్రయ్యర్‌లో వేస్తున్నారా? నూనె పోయేలా వేడినీళ్ళలో సబ్బుతో బాగా ఉతక్కుండా వేయొద్దు. నూనె గాలితో కలిసి తనంతట తనే వేడెక్కుతుంది. ఆరిన గుడ్డల్ని వేడివేడిగా కుప్పపోసి వదిలేస్తే ఆ కుప్ప మధ్యలోంచి పొగ రావొచ్చు. ఆఖరున చల్లగాలి తిరిగే పది నిమిషాలు పూర్తి కానివ్వండి. రెండోది, లంగా నాడాలు ముడివేసి వేయండి. లేకపోతే డ్రమ్ము అంచు సందులో దూరి కొత్తగా వేసిన ఫెల్ట్ పట్టీని కూడా లాగేస్తాయి. జరీ చీరలు, పట్టు పంచెలు మాత్రం దండేనికే. ఏ డ్రయ్యర్‌కీ ఇవ్వకండి.

కరెంటు ఎక్కువ లాగుతుందా అని ఇందాక అక్కయ్యగారు అడిగారు. లోడుకి మూడు, నాలుగు యూనిట్లు. ఇప్పటి మామూలు వెంటు డ్రయ్యర్‌లూ దాదాపు అంతే, నీళ్ళు ఆవిరి చేయడానికి కావాల్సిన వేడి మారదు కదా. వేడిగాలిని బయటికి వదిలేయకుండా ఆ వేడినే మళ్ళీ వాడుకునే హీట్ పంప్ డ్రయ్యర్లు మాత్రం అందులో సుమారు సగంతోనే కానిచ్చేస్తాయి, అది నిజం. బిల్లు తగ్గడమే ముఖ్యమైతే అవే కొనుక్కోండి. నేను దీన్ని ఉంచుకున్నది, నడవగలిగిన యంత్రం తుక్కులోకి పోవడం చూడలేక.

వెనక నుంచి తమ్ముడు అడుగుతున్నాడు, ఇలాంటిది విజయవాడలో అమ్మావాళ్ళింటికి పంపొచ్చా అని. వద్దు. హీటరుకి అక్కడి 230 వోల్టులు సరిపోతాయి. కానీ మోటారుకి, టైమరుకి 120 కావాలి, అక్కడి సాకెట్‌లో 120 ఇచ్చే న్యూట్రల్ రాదు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా కరెంటు 60 హెర్ట్జ్‌కి బదులు 50. మోటారు ఆరో వంతు నెమ్మదిస్తుంది, దాంతో ఫ్యానూ నెమ్మదిస్తుంది. మళ్ళీ గాలి దగ్గరికే వచ్చాం చూడు, వేడి అంతే ఉండి గాలి తగ్గితే ఆ మెషీనుకి మంచిది కాదు. పైగా విజయవాడలో మేడ మీద దండెం ఉందిగా తమ్ముడూ.

సరే, నేను చెప్పాల్సింది అయిపోయింది. పాత రోలరు, కొత్త రోలరు పక్కపక్కనే పెట్టాను, పట్టుకుని తేడా చూడండి. టైమరు మూత తీసే ఉంది. నాబు కుడివైపుకే తిప్పండి, ఎడమకి తిప్పితే లోపలి రాగి ఆకులు వంగుతాయి. పిల్లల్ని ముందు రానివ్వండి.